దూడ పోయింది, అత్త ఊళ్ళో లేదు, గేదె చేపడం లేదు, అంటే పొదుగులోకి పాలు దించడం లేదు. ఏం చెయ్యమంటారు?

వంగర కోడలు:

నమస్కారమండి. ఫోన్లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. మాది వంగర మండలం, మడ్డువలస రిజర్వాయరుకి దగ్గర్లో. 2022లో జిల్లాలు విడదీసేదాకా శ్రీకాకుళం వాళ్ళం, ఇప్పుడు విజయనగరం వాళ్ళం. నేను పుట్టి పెరిగింది విజయనగరం టౌనులో. పెళ్ళయ్యేదాకా గేదెని చూడడమంటే బస్సు హారన్ కొడుతున్నా రోడ్డు మీంచి లేవనప్పుడు చూడడమే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఏమీ తెలియని మనిషికి చెబుతున్నట్టు చెప్పండి.

మాకున్నది ఒకటే గేదె. పేరు పైడి. నాలుగేళ్ళ కిందట సిరిమానోత్సవం అయిన వారంలో మా అత్త బుడుమూరు సంతలో సూడి పడ్డగా, అంటే తొలిచూలుతో ఉన్న కుర్ర గేదెగా కొంది, అందుకని పైడితల్లి పేరు పెట్టింది. ఇప్పుడు మూడో ఈత. సంక్రాంతికి పది రోజుల ముందు ఈనింది. దున్న దూడ. పంతొమ్మిదో రోజున దూడ చచ్చిపోయింది.

దూడ పోయాక కూడా పాలకి ఇబ్బంది రాలేదు, అత్త ఉంది కాబట్టి. ఆవిడ పాలు తీస్తుంటే నేను ఆరేళ్ళుగా చూస్తున్నాను గాని సరిగ్గా చూసింది ఈ నెలలోనే. ముందు కుడితి గాబు దగ్గర కాసేపు ఊరికే నిలబడుతుంది. తొందర ఉండదు. అరచేతిలో నాలుగు కల్లుప్పు రాళ్ళు పెట్టి నాకిస్తుంది. గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు కడిగి, గొంతుక్కూర్చుని, నుదురు తీసుకెళ్ళి దాని డొక్కకి ఆనిస్తుంది. చేత్తో పొదుగు కింద నిమురుతూ "హో... హో... నా తల్లి, నా పైడి" అంటుంది. రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత తోక ఊపడం ఆగుతుంది, కళ్ళు సగం మూతలు పడతాయి, నెమరు మొదలవుతుంది. అంతవరకూ మెత్తగా వేలాడిన చన్నులు నిండి నిగనిగలాడతాయి. మొదటి ధార ఖాళీ చెంబులో 'చుయ్' మంటుంది, అక్కడినుంచి నురుగులో పడి శబ్దమే మారిపోతుంది. పూటకి నాలుగు లీటర్లు. మా ఇంట్లో కరెంటు బిల్లు, గ్యాసు, పాప అంగన్‌వాడీ బట్టలు అన్నీ ఆ నాలుగు లీటర్లలోంచే.

ఇప్పుడు కష్టం ఏమిటంటే, పోయిన వారం అత్త గాబు దగ్గర నాచు మీద కాలుజారి పడింది. తుంటి ఎముక. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది, గాజువాకలో మా ఆడపడుచు ఇంట్లో ఉంది. నెలన్నర దాకా రాదు.

మొదటి రోజు నేను కూర్చున్నాను. అత్త చేసినట్టే అన్నీ చేశాననుకున్నాను. పావు లీటరు కూడా రాలేదు, చెంబు తన్నేసింది. రెండో రోజు మా ఆయన కూర్చున్నారు. ఆయనకి రాజాంలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది, తొమ్మిదింటికి తెరవాలి, టెన్షన్ మనిషి. రెండుసార్లు తన్నేసరికి పక్కనున్న కర్రతో వెన్ను మీద గట్టిగా రెండు వేశారు. అబద్ధం చెప్పి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ తర్వాత ఆయన సాల గుమ్మంలోకి వస్తే చాలు, పైడి పలుపు తెగేలా వెనక్కి లాగుతుంది.

మూడో రోజు ఎవరో పాల వ్యాపారి ఇచ్చాడని మా ఆయన చిన్న సీసా తెచ్చారు. లేబుల్ లేదు. "చేపు ఇంజెక్షన్, అందరూ వాడతారు" అన్నారు. వేసిన నిమిషానికి పాలు దిగాయి, మూడున్నర లీటర్లు. సాయంత్రం వేశారు, దిగాయి. నిన్న పొద్దున్న కూడా వేశారు. సాయంత్రం నేను వద్దన్నాను. ఎందుకంటే సూది చూడగానే అది ఒణికింది. తొడ దగ్గర చర్మం ఈగ వాలినట్టు అదురుతూనే ఉంది, సూది తగలకముందే. సూది వెయ్యకపోతే పావు లీటరు. ఇవాళ పొద్దున్న పొదుగు గట్టిగా ఉంది. అది చూస్తే భయం వేసి ఇక్కడ రాస్తున్నాను.

పక్కింటి వాళ్ళ ఆవుదూడని తెచ్చి చూపించాం. కొమ్ముతో తోసేసింది.

దూడ సంగతి కూడా చెప్పేస్తాను. అది పెయ్య అయ్యుంటే ఇంకోలా చూసేవాళ్ళమేమో. దున్నపోతు కదా అని ఒక్క చన్ను, అదీ మేం తీసుకున్నాక వదిలేవాళ్ళం. ఈనిన రోజు జున్నుపాలు పదకొండు ఇళ్ళకి పంచాం. నేనే గిన్నెలు మోసుకెళ్ళాను, అందరూ మెచ్చుకుంటే సంబరపడ్డాను. పన్నెండో రోజు నుంచి దూడకి బంకమట్టి రంగులో పారుడు, భరించలేని వాసన. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది, అందుకని బాగానే తాగుతోంది అనుకున్నాను. ఊళ్ళో ఒకాయన సీసాతో ఏదో మందు పోశాడు. చివరి రెండు రోజులు లేవలేదు. కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టారు. పైడి మూడు రాత్రులు అరిచింది. నాలుగో రాత్రి అరవలేదు, అత్త సాలలోనే మంచం వేసుకుని పడుకుంది.

నా ప్రశ్నలు రెండు. సూది లేకుండా ఇది మళ్ళీ చేపుతుందా? పొదుగు పాడైపోకుండా ఇప్పటికిప్పుడు ఏం చెయ్యాలి?

భాగ్యనగర్ బుల్లోడు:

మాదీ చీపురుపల్లి సైడే, ఇప్పుడు హైదరాబాద్. ఒక్క గేదె కోసం ఇంత తలనొప్పి ఎందుకండి? అమ్మేసి ప్యాకెట్ పాలు కొనుక్కోండి. లెక్క వేస్తే మీ కష్టానికి కూలీ కూడా రాదు.

నాగావళి గట్టు:

బుల్లోడు బావూ, నువ్వు లెక్క వేసి ఊరొదిలావు, బాగుంది. అడిగిన దానికి చెప్పు.

అమ్మా, మాది పాలకొండ దగ్గర. నాకు డెబ్బై దాటాయి, మనవడి చేత టైప్ చేయిస్తున్నాను. మా నాయన కాలంలో దూడ పోతే తోలు ఒలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి తల్లి ముందు నిలబెట్టేవారు. దాని మీద ఉప్పునీళ్ళు చల్లితే తల్లి నాకుతూ చేపేది. చిన్నప్పుడు నేనే దాన్ని సాలలోంచి బయటికి, బయటినుంచి సాలలోకి మోసేవాడిని. ఎలకలు కొరికి ఒక చెవి పోయింది. తల్లి ఆ చెవిలేని వైపే ఎక్కువ నాకేది, ఎందుకో తెలీదు. మీరు పాతిపెట్టేశారు కాబట్టి ఇప్పుడు ఆ మాట అనవసరం. రోగంతో పోయిన దూడ తోలు ఒలవడం మంచిది కూడా కాదంటారు.

నేనడిగేది వేరు. మీ అత్త ఏ చీర కట్టుకుని పాలు తీసేది? చుట్ట కాలుస్తుందా?

వంగర కోడలు:

తాతగారూ, మీకెలా తెలుసు? కాలుస్తుంది. అడ్డచుట్ట. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తుంది, ఆవిడ పాలు తీస్తున్నంతసేపూ అది నోట్లోనే ఉంటుంది. చీర అంటే, సాల పనికి ఒక పాత ఆకుపచ్చ నేతచీర, చిలక్కొయ్యకే ఉంటుంది. వాసన కొడుతోందని ఆవిడ ఆస్పత్రికెళ్ళిన మర్నాడే నేను సర్ఫ్‌లో నానబెట్టి ఉతికేశాను.

నాగావళి గట్టు:

అదిగో. ఉతికేశావు!

పశువు మనిషిని మొహం చూసి ఒకటే కాదమ్మా, వాసన చూసి కూడా గుర్తుపడుతుంది. నువ్వేమో సబ్బు వాసనతో వెళ్ళి కూర్చున్నావు, నోట్లో చుట్ట లేదు, గొంతు కొత్త, చేతులు కొత్త. దానికి దూడా పోయింది, అత్తా పోయింది. రెండూ ఒక నెలలోనే. నీకైతే అన్నం దిగుతుందా?

చుట్ట ముట్టించమని నీకు చెప్పలేను. పక్కన కాల్చేవాళ్ళు ఉంటే కూర్చోబెట్టు.

పలాస జీడితోట:

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా సాల రేకులు లేచిపోయాయి. ఆవు మీద పడలేదు గాని పక్కనే పడ్డాయి, రాత్రంతా ఆ శబ్దం. దూడ బతికే ఉంది, మూతి పెట్టి గుద్దుతోంది, అయినా ఆవు ఐదు రోజులు చేపలేదు. భయపడితే పాలు రావు అని అప్పుడు అర్థమైంది. జీడితోట మొత్తం పడిపోయింది కదా, ఆ వారం మాకూ దేని మీదా ధ్యాస లేదు, ఎవరూ దాన్ని బలవంతం చెయ్యలేదు. ఆరో రోజు దానంతటదే ఇచ్చింది. అక్కా, మీ ఆయన్ని కొన్నాళ్ళు సాలలోకి రానివ్వకండి. తప్పుగా అనుకోవద్దు.

సూది మాస్టారు:

అమ్మా, నేను పశుసంవర్థక శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. గుమ్మలక్ష్మీపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తిరిగాను, ఎక్కడికెళ్ళినా ఊళ్ళో పేరు ఇదే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పొదుగు. ఈ పూటే చూడండి. నాలుగు చన్నుల నుంచీ మొదటి రెండు ధారలు నల్లటి పళ్ళెంలోనో నల్లగుడ్డ మీదో విడివిడిగా పిండండి. గడ్డలు, తరకలు, నీళ్ళలాంటి పాలు, రక్తం జీర, వీటిలో ఏది కనబడినా, పొదుగు వేడిగా ఉండి ముట్టుకుంటే కాలు ఎత్తినా అది పొదుగువాపు. అప్పుడు ఇంటి వైద్యం, సీసా మందు పెట్టుకోకండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. లేదంటే మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్థక సహాయకులు ఎవరున్నారో కనుక్కోండి. పాలు నిలిచిపోయిన పొదుగులో ఒక్క రోజు ఆలస్యం చేసినా చన్ను పోవచ్చు. పోయిన చన్ను తిరిగి రాదు.

రెండోది, ఆ సీసా పారెయ్యండి. అది ఆక్సిటోసిన్ అయ్యుండాలి, లేబుల్ లేదు కాబట్టి అందులో ఏముందో దేవుడికే తెలియాలి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో పాల కోసం పశువు ఆరోగ్యం చెడగొట్టే ఇంజెక్షన్లు ఇవ్వడం శిక్ష పడే నేరం, 12వ సెక్షన్. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, 'అందరూ వాడతారు' అన్నారు కదా, అందుకని. ఈనడం కష్టమైనప్పుడు డాక్టర్లు ఆ మందే వాడతారు, అది వేరే సంగతి.

ఇంతకీ చేపు అంటే ఏమిటో చెబితే మీకే తోవ దొరుకుతుంది. దూడ మూతి తగిలినా, అలవాటైన చెయ్యి తగిలినా, కుడితి బకెట్టు చప్పుడు విన్నా గేదె మెదడులోంచి అదే ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. అది పొదుగులోని సన్నటి పాలతిత్తుల్ని పిండితే పాలు కిందికి దిగుతాయి. ఆవుకైతే పాలలో దాదాపు ఐదో వంతు ముందే కింద తొట్టిలో దిగి ఉంటుంది, చేపకపోయినా ఆ కాసిని వస్తాయి. గేదెకి అలా ఉండేది ఇరవయ్యో వంతే. మిగతాదంతా పైన తిత్తుల్లోనే. అందుకే మీకు పావు లీటరు దగ్గర ఆగిపోతోంది. మీ చేతిలో తప్పేమీ లేదు. మీ అత్తగారు రెండు మూడు నిమిషాలు ఊరికే నిమిరేది అన్నారే, ఆ రెండు మూడు నిమిషాలే అసలు పని. ఆవు కంటే గేదె ఆలస్యంగా చేపుతుంది. మీరు ఎంతసేపు ఆగారు?

భయమో నొప్పో కలిగితే ఇంకో హార్మోను, అడ్రినలిన్, వచ్చి ఈ పనిని అడ్డుకుంటుంది. దెబ్బ పడ్డప్పుడూ, సూది కనిపించినప్పుడూ జరిగేది అదే. రోజూ బయటి మందుకి అలవాటు పడితే తన సొంత చేపు ఇంకా మందగిస్తుంది. మూడు సూదులే కాబట్టి మించిపోయింది లేదు.

ఇలా చెయ్యండి. రోజూ ఒకే టైము, ఒకే మనిషి, అది మీరే. మీ ఆయన ఆ వేళకి వీధి అవతల ఉండాలి. దాణా మూతి దగ్గర పెట్టాకే కూర్చోండి. ఉలవ గుగ్గిళ్ళు, తవుడు, కాస్త తెలగపిండి, రోజూ పెట్టేవే పెట్టండి, కొత్తవి వద్దు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో పొదుగుని నెమ్మదిగా నిమురుతూ ఐదు నిమిషాలు ఉండండి. చన్ను గట్టిపడేదాకా లాగకండి. చేపిందంటే మాత్రం గబగబా తీసెయ్యాలి, ఆ చేపు ఐదారు నిమిషాలకి మించి నిలవదు. బొటనవేలు మడిచి నొక్కి తీస్తే చన్నుకి దెబ్బ తగులుతుంది, గుప్పెట నిండా పట్టి తీయండి. తీశాక ఇంత పచ్చగడ్డి వేసి అరగంట నిలబెట్టండి. చన్ను రంధ్రం అంతసేపు తెరుచుకునే ఉంటుంది, వెంటనే పేడలో పడుకుంటే పొదుగువాపు వస్తుంది.

చుట్ట సంగతి. గట్టు అన్నయ్య చెప్పినదాంట్లో వాసన మాట నిజమే. కానీ అడ్డచుట్ట అంగిలికి చాలా చెడ్డది, మన ఉత్తరాంధ్ర ముసలమ్మల నోళ్ళు ఎన్ని చూశానో. మీ అత్తగారికి ఆపరేషన్ అయిన ఆస్పత్రిలోనే నోరు కూడా ఒకసారి చూపించండి.

దూడ గురించి మీరడగలేదు గాని రాశారు కాబట్టి. బంకమట్టి రంగు పారుడు, ఉబ్బిన పొట్ట, వాసన చెప్పారు. చూడకుండా ఖాయంగా అనలేను. నాకైతే ఏలికపాములు అనిపిస్తోంది. గేదె దూడల్లో ఇవి తల్లి పాలలోంచే వస్తాయి, అందుకే పదో రోజు ప్రాంతంలో పైపరజిన్ తాగించమంటాం. ఖర్చు టీ డబ్బులంత. జున్నుపాలు మాత్రం పుట్టిన గంటలోపల మొదలుపెట్టి ఆ రోజు దూడ బరువులో పదో వంతు తాగాలి, ముప్పై కిలోల దూడ అయితే మూడు లీటర్లు. ఊరికి పంచేది దాని తర్వాతే. ఆడైనా మగైనా.

వంగర కోడలు:

మాస్టారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను. 12వ సెక్షన్ దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. సీసా పెంటకుప్పలో పారెయ్యబోతే నేనే ఆపి గొయ్యి తీసి పాతించాను, కోళ్ళు తిరుగుతాయి కదా.

పళ్ళెంలో పిండి చూశాను. మూడు చన్నులు బాగున్నాయి. వెనక ఎడమ చన్నులో చిన్న చిన్న తరకలు. 1962కి చేశాను, మధ్యాహ్నం మూడింటికి బండి వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసే, మొదట్లోనే పట్టుకున్నారని చన్నులోకి ఎక్కించే ట్యూబులు మూడు ఇచ్చి, ఎలా ఎక్కించాలో చేయించి చూపించింది. మందు వాడినన్నాళ్ళూ, ఆపాక తను చెప్పిన రోజుల దాకా నాలుగు చన్నుల పాలూ పాల కేంద్రానికి పొయ్యొద్దంది. అంటే ఈ వారం పాల డబ్బులు లేనట్టే. సరే.

మీరు ఎంతసేపు ఆగారు అన్నారు. సిగ్గుగా ఉంది. అర నిమిషం ఆగి ఉంటాను. అత్త గొంతుక్కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండే ఆ కాసేపూ ఆవిడ కాళ్ళు నొప్పులని సర్దుకుంటోంది అనుకునేదాన్ని.

ఇంకో పిచ్చి పని కూడా చేశాను. నిన్న రాత్రి గాజువాకకి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి సాలలో పట్టుకున్నాను. అత్త అక్కడినుంచి "హో పైడీ, నా తల్లీ" అంది. పైడి చెవులు రెండూ ముందుకి పెట్టి ఫోన్ వైపు చూసింది. మూతి తెచ్చి వాసన చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, తుమ్మినట్టు స్క్రీనంతా తడిపేసి, అటు తిరిగిపోయింది. చుక్క రాలేదు. అత్త మాత్రం అవతల ఏడుస్తోంది, ఆడపడుచు నన్ను తిట్టింది.

నాగావళి గట్టు:

ఫోనుకి వాసన ఎక్కడిదమ్మా!

వంగర కోడలు:

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. మధ్యలో ఇద్దరు ముగ్గురు ఏమైంది అని అడిగారు. రాయడానికి కుదరలేదు, మినప చేను కోత.

మొదటి ఐదు రోజులూ దాదాపు ఏమీ లేదు. పొద్దున్న ఐదున్నర, సాయంత్రం ఐదు, ఒకే టైము. ఆకుపచ్చ చీర రెండు రాత్రులు సాలలో గడ్డి మీదే పడేసి, మళ్ళీ ఆ వాసన పట్టాక కట్టుకున్నాను. నన్ను చూసి మా పాప ముక్కు మూసుకుంది. పక్కింటి ముసలి పెద్దమ్మని బతిమాలి రెండు పూటలా తీసుకొచ్చాను. ఆవిడ సాల మూల పీట మీద కూర్చుని అడ్డచుట్ట కాలుస్తూ తన కోడలి మీద చాడీలు చెబుతుంది. వినేది నేనూ పైడీ. మాస్టారు చెప్పింది చెప్పాను కూడా, అంగిలికి చెడ్డదట అని. "నా అంగిలి సంగతి నీకెందుకు, గేదె సంగతి చూసుకో" అంది.

ఆరో రోజు సాయంత్రం వేడి గుడ్డతో నిమురుతున్నాను. చెయ్యి నొప్పెట్టి, ఆసరాకి నుదురు డొక్కకి ఆనించాను. అత్త చేసినట్టు చెయ్యాలని కాదు, అలిసిపోయి. దాని కడుపులో నెమరు కదిలే చప్పుడు గుడగుడమని వినిపించింది. ఉచ్ఛ్వాస నిశ్వాసలకి నా తల కూడా కదులుతోంది. తోక ఎప్పుడు ఆగిందో చూడలేదు. చేతికింద కుడివైపు ముందు చన్ను బిగుసుకున్నట్టు తెలిసింది. పెద్దమ్మ చాడీ మధ్యలో ఆపి "చేపిందే, తియ్యి" అంది. నాకు చేతులు ఒణికాయి. లీటరుంపావు. అవి కేంద్రానికి పోసే పాలు కావు, ట్యూబుల మందు గడువు ఇంకా ఉంది. అయినా ఆ చెంబు ఇంట్లోకి తీసుకెళ్ళి మా ఆయనకి చూపించి, తెచ్చి పారబోశాను.

ఇప్పుడు పొద్దున్న మూడు లీటర్లు, సాయంత్రం రెండుంపావు. వెనక ఎడమ చన్ను బాగుపడింది గాని మిగతావాటికంటే కాస్త తక్కువే ఇస్తోంది. అత్త తీసే నాలుగు రాలేదు, వస్తుందని ఆశ కూడా లేదు. మూడు రోజుల కిందట పెద్దమ్మ జ్వరమని రాలేదు. చుట్ట లేకుండానే చేపింది. కాబట్టి చుట్టా, చీరా, ఐదు నిమిషాలా, ఏది పనిచేసిందో మీరూ మీరూ తేల్చుకోండి.

మా ఆయన రోజూ రాత్రి కుడితి బకెట్టు తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తున్నారు. మొదట్లో ఆయన వెళ్ళిపోయేదాకా మూతి పెట్టేది కాదు. నిన్న ఆయన నిలబడి ఉండగానే తాగింది, కళ్ళు మాత్రం ఆయన చేతుల మీదే.

బుల్లోడు గారికి: లెక్క వేశాను అండి. మీరు చెప్పింది నిజమే, కూలీ రాదు.

సూది మాస్టారు:

బాగుందమ్మా. చుట్టో చీరో అని గట్టు అన్నయ్యతో నేను వాదించను. నా ఓటు ఐదు నిమిషాలకే.

ఇంకో పని మరిచిపోకండి. ఈని రెండు నెలలు కావస్తోంది, ఎదకి వస్తుందేమో చూస్తూ ఉండండి. గేదెలకి మూగ ఎద ఎక్కువ, అరుపులు, దూకడాలు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున వెళ్ళి చూడండి. మానం నుంచి జిగట తీగలు వేలాడడం, మాటిమాటికీ ఉచ్చ పొయ్యడం, ఉన్నట్టుండి పాలు తగ్గడం, ఇవే గుర్తులు. చూలు కట్టాక పది నెలల పది రోజులు లెక్క పెట్టుకోండి. పైపరజిన్ ఇప్పుడే కొని దాచకండి, గడువు తీరిపోతుంది.

వంగర కోడలు:

క్యాలెండర్లో రాసుకున్నాను మాస్టారూ. 'ఈనిన గంటలో జున్నుపాలు దూడకే', 'పదో రోజు మందు', రెండూ ఎర్ర పెన్నుతో. కొత్త క్యాలెండరు వచ్చినప్పుడు అందులోకి ఎక్కించాలి.

అత్తని వచ్చే ఆదివారం కారులో తీసుకొస్తున్నారు. వాకరుతో నడవాలి, సాలలోకి మాత్రం వెళ్ళకూడదు అన్నాడట డాక్టరు. ఫోన్లో మొదటి మాట "పైడి పడుకుంటోందా, నిలబడే ఉంటోందా?" అని. పాప సంగతి తర్వాత అడిగింది. నోరు చూపించుకోమంటే సరే అంది, అంటూనే చుట్టల కట్ట తెచ్చి ఉంచమంది. రాజాం నుంచి రెండు కట్టలు తెప్పించాను. ఒకటి దాచేశాను, ఆవిడకి ఇవ్వాలో వద్దో ఇంకా తేలలేదు. రెండోది పక్కింటి పెద్దమ్మకి బాకీ.